ఎరుపు ఎక్కడ మొదలైంది

గోవిందరెడ్డిగారి కారు ఇంజను చెడిపోయింది డ్రైవరు ఈరన్న వల్ల కాదు, నా వల్ల. ఈ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆ తరువాత చెప్పడానికి మంచి రోజు దొరకలేదు. చెడ్డ మాట చెప్పడానికి మంచి రోజు ఎట్లా దొరుకుతుందని అడగకండి. నేను ఏళ్ల తరబడి నిజంగానే వెతికాను.

యాభై దాటగానే నడుము మొరాయించింది. కారు కిందికి దూరితే లోపలి నుంచి నన్ను ఇద్దరు లాగాల్సి వచ్చేది. గ్యారేజి మా బామ్మర్దికి అప్పగించి బళ్లారి గాంధీనగర్‌లో ఇంట్లో కూర్చున్నాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఇంజను జబ్బు కనిపెట్టడం ఎట్లాగని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పినన్నాళ్లూ నేను గెలిచిన కథలే చెప్పాను. నోటికి ఆ గుణం ఉంది. కాగితం మీద పెట్టేటప్పుడైనా ఓడిపోయిన కథలు రాద్దామని కూర్చున్నాను.

మా ఇంట్లో అందరూ బజారులో వేరుశనగ నూనె అమ్మినవాళ్లే. నేనొక్కణ్ణే ఇంజను నూనెలో పడ్డాను. తక్కెడ పట్టాల్సిన చేత్తో పానా పట్టుకున్నానని మా నాయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. బళ్లారిలో శెట్టి అంటే అంగడి, మెకానిక్ అంటే ఇంకెవరో. అందుకే నా పేరు ఎవరికీ అవసరం లేకపోయింది. ‘గ్యారేజి శెట్టి’ అంటే చాలు, రిక్షావాడు కూడా తెచ్చి దింపేవాడు.

ఉస్తాద్ చెవి

నాకు పని నేర్పింది ఇమామ్ ఉస్తాద్. ఆయన దగ్గర మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు ఒకటుండేది. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. ఇంజను లోపలి చప్పుడు ఆ ఇనుము వెంబడి చెవిలోకి ఎక్కుతుంది. డాక్టరు గొట్టం పెట్టినట్టే. ఆయన వింటున్నంతసేపు బండి యజమాని దగ్గడానికి కూడా భయపడేవాడు.

ఒకసారి ఒక వకీలుగారి కారు వచ్చింది. నడుస్తుంటే టక్ టక్ మని చప్పుడు. ఉస్తాద్ విని, “ట్యాపెట్” అన్నాడు. ఇంజను తల మీద మూత విప్పి, లోపల వాల్వులను తట్టే ట్యాపెట్లు సరిచేశాం. రోడ్డు మీదికి తీసుకుపోతే మళ్లీ టక్ టక్. ఉస్తాద్ ఇంకోసారి విని, ఇంకొంచెం గంభీరంగా, “పిస్టన్ పిన్” అన్నాడు. అంటే ఇంజను మొత్తం విప్పాలి. వకీలుగారి ముఖం కేసు ఓడిపోయినట్టయింది.

విప్పేముందు చివరిసారిగా ఒక చుట్టు తిప్పుదామని నేను వకీలుగారి పక్కన ఎక్కి కూర్చున్నాను. గుంతలో ఊగిపోతూ సీటు ముందున్న సామాన్ల డబ్బా మీద చెయ్యి పెట్టాను. చప్పుడు ఆగింది. చెయ్యి తీశాను. మళ్లీ టక్ టక్. డబ్బా తెరిస్తే అందులో ఒక ఇత్తడి పూజగంట. వకీలుగారి భార్య ఎప్పుడో కొని, దారిలో మోగకుండా దాని నాలుకకు గుడ్డ చుట్టి, అక్కడ పెట్టి మరిచిపోయిందట. గుడ్డ చుట్టిన నాలుక గణగణమని మోగదు. టక్ టక్ మంటుంది.

నేను భయపడుతూ గంట తీసుకుపోయి ఉస్తాద్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ ఊపాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“నేను చెప్పింది సరిగ్గానే ఉండాది రా శెట్టీ,” అన్నాడు. “ట్యాపెట్టే లూజు. కాకపోతే గంటది.”

ఆ కథను ఉస్తాద్ దాచుకోలేదు. టీకి కూర్చున్న ప్రతివాడికీ ఆయనే చెప్పేవాడు. ప్రతిసారీ గంట సైజు పెంచేవాడు. చివరికి అది గుడిగంటంత అయింది. ‘నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ రా, మనం చెప్పుకుంటే నవ్వులాట, పక్కోడు చెప్తే పరువు పాయె’ అనేవాడు. చెవితో వినడం ఆయన దగ్గర బాగానే నేర్చుకున్నాను. ఈ రెండో విద్య మాత్రం నాకు అబ్బలేదు.

మామ కట్టిన పాప్లిన్

కారు జబ్బు చెప్పేవాళ్లలో మూడు రకాలుంటారు. కొందరు తక్కువ చెబుతారు. కొందరు ఎక్కువ చెబుతారు. మా సత్యం మామలాంటివాళ్లు అంతా చెప్పి అసలుది మాత్రం చెప్పరు.

సత్యం మామది బజారులో పెద్ద బట్టల అంగడి. నాకు వరసకు మామ. ఆయన కారు ఊళ్లో తిరిగితే బాగుంటుంది, తారానగర్‌లో కూతురింటికి పోయేటప్పుడు మాత్రం వేడెక్కుతుంది. సండూరు వైపు కొండదారి కదా, ఎక్కుడుకు ఇంజను కష్టపడుతోందనుకున్నాను. రేడియేటర్ కడిగించాను. నీళ్ల పంపు మార్చాను. థర్మోస్టాట్ మార్చాను. ప్రతిసారీ మామ పోయి, పొగలు కక్కే కారుతో తిరిగొచ్చి, మా గ్యారేజి ముందు నిలబడి నలుగురికీ వినపడేటట్టు అడిగేవాడు.

“ఏం అల్లుడూ, నూనె అంగట్లో కూర్చోని ఉంటే ఈ పాటికి సొంత మిల్లు పెట్టుండేవాడివి కదప్పా?”

ఇంక ఉండబట్టలేక ఒక ఆదివారం నేనూ ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటాం. ఇనుప ఖనిజం లారీలు మొదలైనచోట మామ కారు పక్కకు తీసి ఆపాడు. దిగాడు. డిక్కీలోంచి మడత పెట్టిన గుడ్డ తీశాడు. కారు ముక్కుకు అడ్డంగా, గాలి లోపలికి పోయే జాలీ మొత్తం కప్పేటట్టు కట్టాడు. నాలుగు మూలలా నాడాలు కూడా కుట్టించి పెట్టుకున్నాడు.

“ఇదేంది మామా?”

“దుమ్ము రా అల్లుడూ. ఎర్రదుమ్ము. లోపలికి పోతే ఇంజను ఏమైతుంది?”

“గాలి పోకపోతే ఏమైతుంది మామా?”

మామ ఒక్క క్షణం ఆలోచించాడు. తరువాత గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూపించాడు. “మా అంగడిదే. పాప్లిన్. మంచి గట్టి నేత.”

ఆ గట్టి నేతే కారు ప్రాణం తీస్తోంది. ఊళ్లోకి వచ్చేముందు దాన్ని విప్పి డిక్కీలో పెట్టేసేవాడు, చూసినవాళ్లు నవ్వుతారని. అందుకే నా కంట పడలేదు. ‘ఇంత చిన్న విషయం చెప్పాలని నాకేం తెలుసు రా’ అన్నాడు. నిజమే. జబ్బు ఉన్నవాడికి ఏది చిన్నదో ఏది పెద్దదో తెలియదు. అందుకే పిల్లలకు చెప్పేది, అడిగి ఊరుకోవద్దు. బండి ఎక్కి, వాళ్లు పోయే దారినే, వాళ్లు నడిపినట్టే నడపమని చెప్పి పక్కన కూర్చోండి.

ఇప్పుడు మీ చేతుల్లో స్కానర్ ఉంది. దాని మీద నాకు కోపం లేదు. మా ఉస్తాద్ కళ్లు మూసుకుని అరపూట విన్నదాన్ని అది టీ చల్లారేలోపు చెబుతుంది. కానీ అది చెప్పేది ఎక్కడ నొప్పి అని మాత్రమే. ఎందుకు నొప్పి అని చెప్పదు. మొన్న మా బామ్మర్ది గ్యారేజిలో స్కానర్ ఒక సెన్సర్ పేరు చెప్పింది. సెన్సర్ మార్చారు. మళ్లీ అదే పేరు. ఇంకొకటి మార్చారు. మళ్లీ అదే. చివరికి చూస్తే ఎలుక వైరు కొరికింది. ఆ కారులో ఎలుక ఎందుకు కాపురం పెట్టిందంటే, వెనక సీట్లో వేరుశనగ సంచి చిరిగి గింజలు పడి ఉన్నాయి. సంచి సంగతి ఏ స్కానర్‌లోనూ రాదు.

తట్టుడు

ఇప్పుడు నా సంగతి.

గనులు జోరుగా సాగుతున్న రోజుల్లో ఇనుప ఖనిజం లారీల వెనక పోయే ప్రతి బండీ ఎర్రబడేది. ఇంజను గాలి పీల్చుకుంటుంది కదా. ఆ గాలిని వడగట్టడానికి కాగితపు ఫిల్టరు ఉంటుంది. మామూలు ఊళ్లలో అది నెలల తరబడి మన్నుతుంది. మా దగ్గర వారం తిరిగేసరికి ఇటుకలాగా అయ్యేది. దాంతో డ్రైవర్లకు ఒక అలవాటు పట్టుకుంది. టీకి ఆపినప్పుడు ఫిల్టరు ఊడదీసి, టైరుకేసి టప్ టప్ మని తట్టడం. ఎర్రగా పొడి రాలుతుంది. తలంటి పోసుకున్నంత హాయిగా ఉంటుంది. అట్లా తడితే అంచులు నొక్కుకుపోతాయి, కాగితం చిరిగినా చిరగొచ్చు, తట్టకూడదు. అది అందరికీ తెలుసు. అందరూ తట్టేవాళ్లు. ఉస్తాద్ తట్టాడు. నేనూ తట్టాను.

గోవిందరెడ్డిగారిది పాతకాలపు రైతు కుటుంబం. రూపనగుడి దగ్గర భూములు. తరువాత లారీలు పెట్టారు, గనుల పనిలో దిగారు. ఆయన డీజిల్ కారు నడిపేవాడు ఈరన్న. ఊళ్లో డ్రైవర్లలో ఈరన్నకు ఒక పేరుండేది. బండిని ఎద్దును చూసుకున్నట్టు చూసుకుంటాడని. పొద్దున కారు స్టార్టు చేసి, తువ్వాలుతో అద్దం తుడుస్తూ, ఇంజను కుదురుకునేదాకా కదిలించేవాడు కాదు. తక్కిన డ్రైవర్లు బండిలో ఏదైనా చప్పుడొస్తే నా దగ్గరికి రాకముందు అతనికి వినిపించేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఆ కారుకు సర్వీసు చేశాను. ఫిల్టరు డబ్బా నుంచి ఇంజనుకు గాలి తీసుకుపోయే లావుపాటి రబ్బరు గొట్టం విప్పి కడిగి బిగించాను. ఇంజను వైపు కొసను చుట్టి బిగించే ఇనుప పట్టీ, క్లాంపు, ఒకటి ఉంటుంది. దాని మర కింది వైపు ఉంటుంది, చెయ్యి సరిగ్గా అందదు. చేత్తో ఒక చుట్టు తిప్పి, తరువాత కింద పడుకుని స్క్రూడ్రైవరుతో బిగిద్దామనుకున్నాను. రెడ్డిగారు వాచీ చూసుకుంటూ, “అయితాండాదా శెట్టీ?” అన్నారు. నా చేతి వేగం మీద నాకు మహా గర్వం. “అయిపోయిందప్పా!” అని బానెట్ దబ్బున మూశాను. ఆ దబ్బుమన్న చప్పుడు కూడా నాకు గొప్పగానే వినిపించింది.

కొన్ని నెలలకే ఆ కారు నీలిపొగ వదులుతూ వచ్చింది. ఆయిలు పోసే మూత తీస్తే బీడీ కాల్చేవాడి నోరులాగా లోపలి నుంచి పొగ తన్నుకొస్తోంది. పిస్టన్ రింగులు అరిగిపోయాయి. అంత త్వరగా అరిగాయంటే ఇంజను దుమ్ము తిన్నదన్నమాట. దుమ్ము ఎటు నుంచి పోయిందో చూడాలి.

ఇది చదివే పిల్లలు ఇక్కడ కాస్త ఆగండి. ఈ ఒక్కటీ నేర్చుకుంటే మా జిల్లాలో సగం ఇంజనులు బతుకుతాయి. ఎరుపు ఎక్కడ మొదలైందో చూడాలి. ఫిల్టరు చిరిగితే డబ్బా లోపలి వైపు నుంచే ఎరుపు మొదలవుతుంది, గొట్టం పొడుగునా ఉంటుంది. ఫిల్టరు బాగుండి గొట్టం ఎక్కడో వదులైతే, ఆ వదులు దాకా శుభ్రంగా ఉంటుంది, అక్కడి నుంచి ఎరుపు మొదలవుతుంది. దుమ్ముకు అబద్ధమాడటం రాదు.

డబ్బాలో వేలు పెట్టి చూశాను. వేలికి ఏమీ అంటలేదు. గొట్టంలో పెట్టాను. ఏమీ లేదు. ఇంజను కొసన క్లాంపు పట్టుకుంటే గాజులాగా గిరగిరా తిరిగింది. దాన్ని దాటగానే, లోపల, పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉంది.

రెడ్డిగారు బయట కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఈరన్న కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నా చేతిలో గుడ్డ ఉంది.

తుడిచేశాను.

క్లాంపు బిగించాను, ఈసారి గట్టిగా. రెడ్డిగారి ఇంటి బండ్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఆయన మాట మీద వచ్చే బండ్లు అంతకు రెండింతలు. చేతివేగం శెట్టి క్లాంపు బిగించడం మరిచిపోయాడంటే బజారులో మా నాయన దగ్గర కూడా నవ్వేవాళ్లు. ఇవన్నీ తరువాత వెతుక్కున్న కారణాలు. తుడిచేటప్పుడు ఏ కారణమూ లేదు. చెయ్యి దానంతటది పోయింది.

“ఏం శెట్టీ, యాడుండాది జబ్బు?” రెడ్డిగారు లేచి వచ్చారు.

“దుమ్ము తిన్నాదప్పా ఇంజను.”

“ఫిల్టరుండాది కదా. దుమ్ము యెట్ల పోయింది?”

నేను ఫిల్టరు పైకెత్తి చూపించాను. అంచు నొక్కుకుపోయి ఉంది. “చూడండి రెడ్డప్పా, టైరుకేసి తట్టినారు. కాగితం చిరిగింది.”

రెడ్డిగారు వెనక్కి తిరిగారు. “ఏం రా ఈరన్నా, తట్టినావా?”

“తట్టినానప్పా,” అన్నాడు ఈరన్న, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. “టీకి నిలిపితే తడతా. అందరం తడతాం.”

“అందరి సంగతి నాకేల రా? నా ఇంజను పాయె కదరా!”

ఈరన్న వచ్చి నా చేతిలోంచి ఫిల్టరు తీసుకున్నాడు. ఎండకేసి పట్టుకుని, మడత మడతా విప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

“శెట్రే, తూటు యాడుండాది? నాకు కనపడలే.”

“కంటికి కనపడదు ఈరన్నా,” అన్నాను. “అంత సన్నగా ఉంటాది.”

అతను తలూపాడు. నేను చెప్పాను కాబట్టి తలూపాడు. ఫిల్టరు ఒకటే. దాని మీద అతను నిజం చెప్పాడు, నేను అబద్ధం చెప్పాను. నాదే నిలబడింది.

రెడ్డిగారు అతన్ని కారు మీది నుంచి తీసి రూపనగుడి తోటలో ట్రాక్టరు మీదికి పంపారు. డ్రైవర్లు ఊరుకుంటారా. ‘ఫిల్టరు ఈరన్న’ అని పేరు పెట్టారు. హోటల్లో కూర్చుంటే, “అన్నకు కాఫీ ఇయ్యప్పా, ఫిల్టరు మాత్రం చేతికియ్యద్దు” అనేవాళ్లు. అప్పటి నుంచి ఏ చప్పుడొచ్చినా అతని దగ్గరికి ఎవరూ పోలేదు. నేరుగా నా దగ్గరికే వచ్చారు. నేను రూపనగుడి రోడ్డు మీద పోవాల్సిన పని పడితే చుట్టుదారిన పోయేవాణ్ణి.

పేటా కింద

గ్యారేజి అప్పగించినప్పుడు పాత ఖాతాదారులంతా కలిసి నాకు సన్మానం పెట్టారు. శాలువా, పండ్ల బుట్ట, తలకు మైసూరు పేటా అనే తలపాగా. ఆ పేటా నా తలకంటే రెండు సైజులు పెద్దది. నమస్కారం పెట్టడానికి వంగినప్పుడల్లా కళ్ల మీదికి జారేది. దాన్ని ఎత్తుకుంటూ కూర్చున్నాను.

సత్యం మామ పాప్లిన్ కథ తనే చెప్పి నవ్వించాడు. తరువాత గోవిందరెడ్డిగారు మైకు అందుకున్నారు.

“మన శెట్టి కన్ను గురించి ఒక మాట చెప్తా,” అన్నారు. “నా కారు ఇంజను పొగ వదుల్తాంటే ఈయన దగ్గరికి తెస్తి. డ్రైవరు ఫిల్టరు తట్టి తట్టి చింపినాడు. ఆ తూటు వానికి కనపడలే, నాకు కనపడలే. మన శెట్టి పట్టుకున్నాడప్పా! కంటికి కనపడని తూటు గూడ పట్టుకున్నాడు!”

హాలంతా చప్పట్లు. “ఫిల్టరు ఈరన్న!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకా నవ్వులు. పేటా కళ్ల మీదికి జారింది. ఈసారి ఎత్తుకోలేదు. దాని కిందే బాగుందనిపించింది. లేని తూటును పట్టుకున్నందుకు శాలువా కప్పించుకున్న మెకానిక్ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మరునాడు పొద్దున్నే రెడ్డిగారింటికి పోయాను. వాకిట్లో పేపరు చదువుతున్నారు.

“రెడ్డప్పా, ఆ తూటు లేదు,” అన్నాను.

“ఏ తూటు?”

“నిన్న మీరు మైకులో చెప్పింది.”

మొత్తం చెప్పాను. క్లాంపు, ఎరుపు, గుడ్డ. ఆయన ముందు నవ్వారు, నేను పరాచికమాడుతున్నాననుకుని. తరువాత పేపరు మడిచారు.

“అంతమందిలో మైకు పట్టుకోని చెప్పినా కదప్పా నేను!” అన్నారు. ఇంజను పోయినదానికంటే అదే ఆయనకు ఎక్కువ నొప్పిగా తగిలినట్టుంది. తరువాత, “వాణ్ణి మళ్లా కారు మీదికి రమ్మని పిలిపిస్తి. ఒకసారి కాదు. వాడే రాలే. నా మీద కోపమేమో అనుకున్నా,” అన్నారు.

“నా మీద అనుకున్నా నేను.”

“ఇడువప్పా, ఈడ కూర్చోని ఏం లాభం. పో. ముందు వాడితో చెప్పు. నాతో తరువాత కొట్లాడుదువు గానీ.”

రూపనగుడి హోటల్లో

బస్సు దిగి తోటకు నడిచాను. ఈరన్న షెడ్డు ముందు ట్రాక్టరు కడుగుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి గొట్టం పక్కన పడేసి ఎదురొచ్చాడు.

“రాండి శెట్రే! నడుము ఎట్లుండాది? ఈ ఎండలో ఏల వచ్చినారు, ఫోను చేస్తే నేనే వస్తాంటి కదా?”

చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. నేను తాగి, వానల గురించి అడిగాను. మిరపతోట గురించి అడిగాను. పాడి ఎనుముల గురించి అడిగాను.

“బస్సెక్కి వచ్చి ఎనుముల సంగతి అడగతాండారు,” అన్నాడు ఈరన్న నవ్వి. “కొనేదుండాదా ఏంది?”

“ఆ పొద్దు ఫిల్టరుకు తూటు లేదు ఈరన్నా.”

“కనపడదంటిరి కదా.”

“కనపడకపోవడం కాదు. లేనే లేదు.”

అతని నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. “మరి దుమ్ము?” అన్నాడు.

ట్రాక్టరు బానెట్ ఎత్తాను. గాలి గొట్టం కొస చూపించి, ఆ క్లాంపు నేను బిగించకుండా వదిలేసిన సంగతి చెప్పాను. ఈరన్న వంగి, తన వేలితో క్లాంపును తాకాడు. ఇటు పక్కకు ఒకసారి, అటు పక్కకు ఒకసారి వేలు జరిపాడు.

“అంటే ఈ పక్క తెల్లగ. ఈడ నుంచి ఎరుపు.”

“అవును.”

“మీరు చూస్తిరి.”

“చూసినా.”

“తరువాత ఇంజను విప్పినప్పుడు నేనూ చూస్తి శెట్రే ఆడ. ఎరుపు లేదే.” నా వైపు తిరిగాడు. “తుడిస్తిరా?”

“తుడిచినా.”

ఈరన్న ట్రాక్టరు టైరు మీద కూర్చున్నాడు. తిట్టినట్టూ కాదు, మెచ్చుకున్నట్టూ కాదు, “రెండు తిప్పులు! స్క్రూడ్రైవరుతో రెండు తిప్పులు తిప్పింటే అయిపోతాండె!” అన్నాడు.

“రెడ్డప్ప పిలిస్తే ఏల పోలేదు ఈరన్నా? మా మీద కోపమా?”

“కోపమేంది?” అన్నాడు ఆశ్చర్యంగా. “మా ఇంటామె పొమ్మనె. నేనే పోలే. కంటికి కనపడని తూటు చేసే చేయి శెట్రే ఇది. నేనేమో ఎంత సున్నితంగ పట్టుకుంటా అనుకుంటాంటి. నాకే తెలీకుండ ఇంగా ఏమేం చెడగొడతానో అని భయం పుట్టె. ట్రాక్టరైతే మోటు బండి. ఓర్చుకుంటది.”

ఇన్నేళ్లూ అతను నన్ను తిట్టుకుంటూ ఉంటాడనుకున్నాను. అది తేలిక. అతను నన్ను నమ్మాడు. తన కళ్లకు కనపడనిదాన్ని నా మాట మీద నమ్మి, తన చేతులను నమ్మడం మానుకున్నాడు. నేను పాడు చేసింది రెడ్డిగారి ఇంజను ఒక్కటే అనుకుంటూ బతికాను.

గొంతు తగ్గించి, “తప్పయింది ఈరన్నా,” అన్నాను.

“ఆఁ? ఈడ చెప్తే ఎవురికి ఇనపడుతుంది శెట్రే? మా ఎనుముకా?” లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “రాండి. టీ తాగుదాం.”

బస్టాండు దగ్గర హోటల్లో ఆ వేళకు ట్రాక్టరు డ్రైవర్లు, బస్సు కోసం కాచుకున్నవాళ్లు బెంచీలన్నీ నింపేసి ఉన్నారు. మమ్మల్ని చూసి ఒకడు జరిగి చోటిచ్చాడు. “ఏం ఫిల్టరన్నా, చుట్టాలా?”

“చుట్టాలు కాదప్పా. గ్యారేజి శెట్రు,” అన్నాడు ఈరన్న. “ఏందో చెప్పల్లంట.” అని, టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. నాకు సాయం చెయ్యలేదు. చెయ్యాల్సిన పనీ లేదు.

నేను లేచి నిలబడ్డాను. మైకు లేదు, పేటా లేదు.

“అందరూ ఇనండప్పా. ఈయన పేరు ఈరన్న. గోవిందరెడ్డిగారి కారు ఇంజను చెడగొట్టింది నేను. క్లాంపు బిగించకుండా బండి ఇచ్చినా. దుమ్ము పోయింది. దొరికిపోతానని తుడిచేసి, ఈయన ఫిల్టరు చింపినాడని చెప్పినా. మీరందరూ నవ్విన ఆ పేరు నాకు రావాల్సింది.”

ఎవరూ నవ్వలేదు. ఈరన్న గ్లాసులోకి చూస్తున్నాడు. నేను అతని వైపు తిరిగాను.

“ఈరన్నా, నీ చేతుల్లో ఏ దోషమూ లేదు. అది నాకు ఆ పొద్దే తెలుసు. తెలిసీ నీకు చెప్పకుండా, నీ చేతుల మీద నీకే అనుమానం పుట్టించినా. తప్పయిపోయిందప్పా. మన్నించు.”